బూట్లు విప్పిన బ్యాండు

భద్రం వాయులీనం పెట్టె మూత వేసేసి, "రేపటి నుంచి రానండీ అమ్మగారూ," అన్నాడు. కాకినాడలో అతనికి ఆ విద్య నేర్పుతున్న పేరిందేవి గారు, "ఏమైంది నాయనా?" అన్నారు. "స్వరం తప్పను, తాళం తప్పను. పళ్లు బిగబట్టి సాధన చేస్తున్నాను. అయినా నా పాటలో ప్రాణం లేదు. ఎందుకండీ?" అన్నాడు. అప్పుడావిడ శామ్యూలు మాస్టారి సంగతి ఎత్తారు.

ఆయన పెళ్లి ఊరేగింపులకు బ్యాండు కట్టేవాడు. ఎవరో ఓడ వంటవాడు ఇచ్చిపోయిన గ్రామఫోను ప్లేట్లలో క్యూబా దేశపు రుంబా అనే నృత్య సంగీతం విని, మనిషి అన్నం మాటే మరిచిపోయాడట. ఆ నడకను చెవితోనే పట్టి, క్లారినెట్టుకూ డ్రమ్ములకూ పంచి, వానాకాలమంతా తన వాళ్లకు నేర్పాడు. మొదటి కచేరీ ఒక పెళ్లివారి హాల్లో పెట్టారు. "ఎవరి కాలూ కదలకపోతే మరో మేళాన్ని పిలిపిస్తాను మాస్టారూ," అని పెళ్లికూతురి తండ్రి ముందే చెప్పేశాడు.

ఒక్క స్వరం తప్పలేదు. కానీ బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వీధుల్లో నడుస్తూ వాయించినవాళ్లు కదా, ఉన్నచోట నిలబడడం వాళ్లకేం తెలుసు! రుంబా వాయిస్తూ వాయిస్తూనే, బూట్లు టకటకలాడించుకుంటూ, వరసకట్టి గుమ్మం దాటి వీధిలోకి వెళ్లిపోయారు. "ఒరేయ్, పెళ్లికొడుకుని మరిచిపోయి పోతున్నారర్రా!" అని ఎవరో కేకేస్తే హాలంతా గొల్లుమంది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అయినా వాళ్లను తిరిగి హాల్లోకి పిలిచాడే గాని, ఒక్కరినీ మందలించలేదు. వాళ్ల కాళ్లకేసే చూసి చూసి, వంగి తన బూట్లు తానే విప్పుకున్నాడు. "విప్పండ్రా. వాద్యాలూ కింద పెట్టండి. ముందు మనం ఆడదాం," అన్నాడు. ఆయన నోటితో రుంబా అందుకుంటే, అంతంత మీసాలవాళ్లు చల్లటి గచ్చు మీద సిగ్గుపడుతూ నడుం కదిపారు. పెళ్లికూతురి మామ్మ పకపకా నవ్వి, "ఇందాక ఇది ఎక్కడ దాచారు నాయనా!" అంటూ కొంగు దోపుకుని లేచింది. ఆవిడ వెనకే హాలంతా లేచింది. అప్పటికి గాని మాస్టారు వాళ్లను వాద్యాలు ముట్టనివ్వలేదు. ఆ తరవాత చుట్టుపక్కల ఊళ్లలో ఆయన రుంబా లేకుండా పెళ్లి జరిగితే ఒట్టు.

"అయితే తప్పు బూట్లదాండీ?" అన్నాడు భద్రం.

పేరిందేవి గారు గుమ్మంకేసి చూశారు. "చెప్పులు బయటే విడిచి వచ్చావు, బాగానే ఉంది. రేపు ఆ పళ్లు బిగబట్టడం కూడా అక్కడే విడిచి రా నాయనా. అప్పుడు పెట్టె తెరుద్దాం."