భయం జోగులు రాట్నం ఆపిన కథ

నమ్మనివాళ్లెవరైనా ఉంటే ముందే చెప్పెయ్యండి. లేచి అటు పక్కకి వెళ్లి కూర్చోండి, నేనేమీ అనుకోను. ఈ కథ ముప్ఫై ఊళ్లలో చెప్పాను. ముప్ఫై ఊళ్లలోనూ ఒక్కొక్కడు లేచి "అబద్ధం" అన్నాడు. కథ అయ్యేసరికి ముప్ఫైమందీ తిరిగొచ్చి నా ముందే కూర్చున్నారు. అందులో ఒకడు ఇప్పటికీ లేవలేదు. అక్కడే ఇల్లు కట్టుకున్నాడు.

సరే, వినండి.

మీ తాతగారి తాత ఇంకా ఉయ్యాల్లో కాళ్లాడించుకుంటున్న రోజులు. ఏటి ఒడ్డున, ఇసుక తిన్నె మీద ఏటా ఒక తీర్థం జరిగేది. తీర్థం అంటే మీరు జాతర అంటారే, అదే. ఆ తీర్థంలో ఒక రాట్నం ఉండేది. ఇనుము లేదు, యంత్రం లేదు. అంతా మద్దికర్ర. కాకి దాన్ని దాటాలంటే మూడుచోట్ల వాలి అలుపు తీర్చుకునేది. పై తొట్టిలో వాడికి మబ్బు తగిలి జుట్టు తడిసేది. కింది తొట్టిలో వాడు అదే సమయానికి ఎండకి మాడేవాడు. మొత్తం ఎనిమిది తొట్లు. నలుగురు మొనగాళ్లు చక్రం ఆకుల్ని, అంటే అడ్డకర్రల్ని, పట్టుకుని పైకెక్కి, తమ బరువుతో కిందికి దిగుతూ దాన్ని తిప్పేవాళ్లు.

రాట్నం దాలినాయుడిది. దాని మంచీచెడ్డా మాత్రం జోగులుది.

ఇరుసుకి కందెన పెట్టేది జోగులు. తొట్లని చక్రానికి బిగించే కర్ర చీలల్ని చూసుకునేది జోగులు. ఎదురెదురు తొట్లలో బరువు సమంగా ఉండేలా మనుషుల్ని కూర్చోబెట్టేది జోగులు. ఇటు లావుపాటి పెద్దమ్మ ఎక్కితే అటు ఇద్దరు మరదళ్లని ఎక్కించేవాడు. మనిషిని కంటితో చూసి బరువు చెప్పేవాడు. ఓసారి ఒక నిండు గర్భిణిని చూసి "లోపల కవలలమ్మా, తొట్టి బరువెక్కుతుంది, దిగు" అన్నాడు. నెల తిరక్కుండా కవలలే పుట్టారు.

అందరి కథల్లోనూ వీరులుంటారు. మా జోగులు వీరుడు కాడు, భయస్థుడు. అల్లాటప్పా భయస్థుడు కూడా కాడు. ఆయన గుండె కొట్టుకుంటే ఏటి అవతల ఊళ్లో దండోరా వేస్తున్నారనుకుని జనం బయటికొచ్చేవాళ్లు. ఆయన భయపడి ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఇసుకలో పడిన గుంటలో నీళ్లు ఊరేవి.

పొద్దున్నే ప్రతి చీలనీ కొయ్య సుత్తితో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఖంగుమంటే మంచి చీల. బొంగురుగా పలికితే లోపల పగిలినట్టు. ఆ తర్వాత ఒక తొట్టిలో తాను ఎక్కి, ఎదురు తొట్టిలో రాళ్లు వేయించి మూడు చుట్లు తిరిగేవాడు. జనం ఎక్కాక కూడా ఏ మూల కిర్రుమన్నా చెయ్యెత్తి ఒకే మాట అనేవాడు.

"నాకు భయంగా ఉంది. ఆపండి."

ఆపేవాళ్లు. దిగేవాళ్లు. చీల మార్చేవాళ్లు. ఎక్కేవాళ్లు. జనానికి విసుగొచ్చేది. "ఏం జోగులు మావా, ఈ పూట భయం కడుపునిండా తిని వచ్చావా, ఇంకా ఆకలితోనే ఉన్నావా" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన నవ్వేసి కందెన గిన్నె పట్టుకుని ఇరుసు దగ్గరికి పోయేవాడు.

ఆయన పెళ్లాం గవరమ్మ. ఆవిడకి భయమనేది తెలీదు. జీడితోటలోకి ఎలుగుబంటి వస్తే నడుం మీద చెయ్యేసి తిట్టింది. అది తల దించుకుని కొండెక్కిపోయి మళ్లీ మూడు తరాలదాకా దిగలేదు. అలాంటి మనిషికి ఇలాంటి మొగుడు. ఆయన చీలలు ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన కూర్చుని కొడుతుంటే, "అందరి మొగుళ్లూ డప్పులు వాయిస్తారు, నా మొగుడు చీలలు వాయిస్తాడు" అని సణిగేది. ముప్ఫై ఏళ్లు సణిగింది. ముప్ఫై ఏళ్లూ ఆ మోత ఆవిడ చెవుల్లో పడుతూనే ఉంది.

ఒక ఏడాది తీర్థానికి బుగత వచ్చాడు. బుగతంటే ఏడూళ్ల భూమీ, ఏడూళ్ల నోళ్లూ తన గుప్పిట్లో ఉన్నవాడు. మీసానికి రెండు పక్కలా ఇద్దరు మనుషులు గొడుగు పట్టేవాళ్లు. తమ్ముళ్లతో, బావమరదులతో వచ్చి రాట్నం ఎక్కుతానన్నాడు. ఎక్కబోతూ తల ఎత్తి చూశాడు. పై తొట్టిలోంచి ఎవరివో కాళ్లు వేలాడుతున్నాయి.

"నా నెత్తి మీద ఇంకొకడి కాళ్లు ఉండటమేంటి? ఎదురు తొట్లు నాలుగూ ఖాళీ చేయించు" అన్నాడు.

దాలినాయుడు ఖాళీ చేయించాడు. జోగులు వెళ్లి దాలినాయుడితో మెల్లిగా చెప్పాడు. "నాకు భయంగా ఉంది నాయుడూ. ఒక పక్కే బరువైతే చక్రం మన చేతిలో ఉండదు." దాలినాయుడు మొహం తిప్పుకున్నాడు.

చుట్టూ ఉన్న జనానికి చెప్పాడు. "నాకు భయంగా ఉందయ్యా." జనం ఈలలు వేశారు. తిప్పండి, తిప్పండి అని చప్పట్లు కొట్టారు.

చివరికి బుగత ముందే నిలబడ్డాడు. "నాకు భయంగా ఉంది బాబూ. మనుషులు వద్దంటే పోనీ, ఖాళీ తొట్లలో రాళ్లన్నా వేయించండి."

బుగత రాళ్ల వంక చూశాడు. "ఎవరెవరు తొక్కిన రాళ్లో ఏమో. అవీ నా నెత్తి మీద తిరగాలా? నువ్వు పోయి మీ ఆవిడ కొంగు చాటున కూర్చో."

జనమంతా నవ్వారు. ఆ నవ్వుకి ఏటిలో చేపలు గట్టున పడ్డాయి. రాట్నం కదిలింది.

బరువు పక్క పైకి వెళ్లినంతసేపూ నలుగురు మొనగాళ్లూ వేలాడి లాగారు. అది కిందికి తిరిగింది చూడండి, ఇక ఎవరి చేతా ఆగలేదు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడో చుట్టుకి ఒక చీల తెగింది. ఖాళీ తొట్టి ఒకటి ఊడి, గాజులమ్మే ఆడవాళ్ల మీదికి వచ్చిపడుతోంది. అందరూ వెనక్కి పరిగెత్తారు. లోకంలోకెల్లా భయస్థుడు మాత్రం ముందుకి పరిగెత్తాడు. ముగ్గురు ఆడవాళ్లని పక్కకి తోసేశాడు. తాను తప్పుకోవడానికి వ్యవధి లేకపోయింది.

బుగతకి మోచెయ్యి గీరుకుంది, అంతే. జోగులు మళ్లీ లేవలేదు.

మొదటిరోజు ఏడూళ్లూ ఏడ్చాయి. రెండోరోజు ఏడూళ్లకీ కోపం వచ్చింది. రాట్నాన్ని రాళ్లతో కొట్టారు, దాలినాయుడిని చెరుకుతోటల దాకా తరిమారు. మూడోరోజు, తప్పెవరిదని కూర్చున్నారు. తిప్పినవాళ్లు మాది కాదన్నారు. దాలినాయుడు నాది కాదన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లు తమ చేతుల వంక చూసుకున్నారు. బుగత తప్పని అందరికీ తెలుసు, అనే నోరు ఒక్కటీ లేదు. అప్పుడు బుగతే అన్నాడు, ఎక్కబోయే ముందు వాడు మూడుసార్లు అపశకునం పలికాడు, ఆ నోటిదోషమే తగిలింది అని. జనం హమ్మయ్య అనుకున్నారు. చచ్చిపోయినవాడు మాట్లాడడు కదా. ఇక మీదట జోగులు పేరు ఎవరూ పలకకూడదు, ఏ బిడ్డకీ పెట్టకూడదు అని డప్పు వేయించారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. జోగులు కూతురు తవిటమ్మ ఏడాది తిరిగేసరికి కడుపుతో ఉంది. తాత పోయాక పుట్టిన బిడ్డకి తాత పేరు పెట్టకపోతే ఆ తాత ఎక్కడికని తిరిగొస్తాడు? కానీ అత్తవారు కబురు పంపారు, ఆ పేరు మా గడప తొక్కకూడదని. తవిటమ్మ తల్లి ఒళ్లో తల పెట్టుకుని, "అమ్మా, నాన్న పేరు నీతోనూ నాతోనూ ఆఖరేనా" అని అడిగింది. ఎలుగుబంటిని తరిమిన గవరమ్మ, ఆ పేరు పెట్టిస్తానని కూతురికి మాటిచ్చింది.

మళ్లీ తీర్థం వచ్చింది. రాళ్లు వేసినవాళ్లే దాలినాయుడిని పట్టుకుని, రాట్నం ఎప్పుడు తిప్పుతావని అడగడం మొదలెట్టారు. అతను బాగుచేసి నిలబెట్టాడు. తీరా నిలబెట్టాక ఎక్కే మనిషి లేడు. నువ్వెక్కు బావా అంటే నువ్వెక్కు బావా అని ఒకరినొకరు తోసుకుంటున్నారు. గవరమ్మ వచ్చింది.

"నేనెక్కుతాను. నా ఎదురు తొట్టిలో బుగతబాబు ఎక్కాలి. నా మొగుడి నోరే రాట్నాన్ని విరిచిందన్నారు కదా. ఆ నోరు ఇప్పుడు లేదు. ఇంక బాబుకి భయమెందుకు?"

ఏడూళ్ల జనం ముందు ఆ మాట అడిగాక బుగత మీసం వెనక్కి తగ్గుతుందా? ఒప్పుకున్నాడు. ఒప్పుకుని తన మెలిక తాను పెట్టాడు.

"మూడు చుట్లు ఆగకుండా తిరిగితే ఆ పేరు మీ మనవడికి పెట్టుకో. మధ్యలో ఆగిందో, నీ మొగుడిది నోటిదోషమేనని పదిమందిలో నువ్వే చెప్పాలి. పేరు అక్కడితో సరి."

గవరమ్మ సరేనంది. ముందు చీలలు కొట్టి చూస్తానని సుత్తి అడిగింది. బుగత ఇవ్వనివ్వలేదు. సుత్తి పేరు చెప్పి ఏ మంత్రం వేస్తుందోనన్నాడు. కొత్త చీలలు. ఎవరూ కొట్టి వినలేదు. వినడం ఇంకెవరికీ రాదు కూడా.

మిగతా తొట్లలో రాళ్లు వేశారు. వాటిని ఎవరు తొక్కారని బుగత ఈసారి అడగలేదు. బుగత బరువు ముగ్గురు గవరమ్మలంత. అందుకని ఆవిడ తొట్టిలో రెండు తిరగళ్లు పెట్టుకుని కూర్చుంది. చక్రం కదిలింది.

మొదటి చుట్టు. జనం ఊపిరి బిగబట్టారు. ఏడూళ్లు ఒక్కసారి ఊపిరి బిగబడితే తాటాకులు కదలడం మానేశాయి.

రెండో చుట్టు. తవిటమ్మ కడుపు మీద రెండు చేతులూ వేసుకుని నిలబడింది. పైనున్న తల్లి ఆమెకి గుప్పెడంతే కనబడుతోంది.

మూడో చుట్టు. గవరమ్మ పైకి వచ్చింది, బుగత తొట్టి కిందికి వచ్చింది. ఇంక సగం చుట్టు ఉంది. సగం చుట్టు తిరిగితే పేరు దక్కుతుంది. బుగత తొట్టి మళ్లీ పైకి లేవబోతుండగా కింద ఏదో పలికింది. ఖంగుమనలేదు. బొంగురుగా పలికింది.

కింద నిలబడ్డ వేలమందిలో ఎవరూ వినలేదు. గవరమ్మ విన్నది. ముప్ఫై ఏళ్లు సణుగుతూ విన్న మోత అది. ఆవిడ తొట్టి అంచు గట్టిగా పట్టుకుంది. బతుకులో మొదటిసారి. నోరు మూసుకుంటే చాలు. చీల నిలబడిందా, పేరు వస్తుంది. నిలబడలేదా, పడేది మొగుడి పేరు చెరిపినవాడే. కింద చూస్తే కూతురు. నోరు తెరిస్తే కూతురికిచ్చిన మాట పోతుంది.

"నాకు భయంగా ఉంది. ఆపండి."

తిప్పేవాళ్లకి అది ముప్ఫై ఏళ్ల అలవాటు. ఆ మాట చెవిన పడగానే చేతులు వాటంతటవే బిగిశాయి. చక్రం ఆగింది. తవిటమ్మ ఇసుకలో కూలబడింది. బుగత నవ్వుకుంటూ తొట్టిలోంచి దిగాడు. "ఆగింది. ఇంక చెప్పు, అందరూ వింటున్నారు."

"చెప్తాను బాబూ. ముందు నీ తొట్టి చీల తీసి చూడమను."

దాలినాయుడు చెయ్యి పెట్టాడు. సుత్తి అక్కర్లేకపోయింది. చీల చెరుకు గెడలా రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. తొట్టి ధబీమని ఇసుకలో దిగబడింది. జనం ఆ ముక్కల వంక చూశారు. తల ఎత్తి, సగం చుట్టు తిరిగితే బుగత ఉండబోయిన చోటు వంక చూశారు. అక్కడ గవరమ్మ తిరగళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మూడు చుట్లు కాలేదు. నేనే ఓడిపోయాను" అంది పైనుంచి.

తిప్పేవాళ్లలో ఒకడు, చక్రాన్ని గట్టిగా పట్టుకునే ఉండి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "జోగులు మావ ఉండుంటే అసలు ఎక్కనిచ్చేవాడే కాదు."

ఏడాదిగా ఎవరూ పలకని పేరు. ఒక నోట్లోంచి వచ్చింది. గాజులమ్మే ముగ్గురూ అందుకున్నారు. తర్వాత ఎవరెవరో. చివరికి జోగులు, జోగులు అని ఏరు కూడా అన్నదని చెప్పుకుంటారు, నేనైతే అది నిజమేనంటాను. బుగత చీల ముక్కలు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. మీసానికి గొడుగు పట్టేవాళ్లని పక్కకి పొమ్మన్నాడు.

"ఆ పేరు పెట్టుకో అమ్మా" అన్నాడు.

తవిటమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఐతే ఏం, జోగమ్మ అని పెట్టారు. ఆ ఏడు ఏడూళ్లలో పుట్టిన పిల్లలందరూ జోగులు, జోగినాయుడు, జోగమ్మ. ఎవరినో ఒకరిని పిలిస్తే వీధి వీధంతా పలికేది.

ఇప్పటికీ ఆ తీర్థాల్లో రాట్నం తిప్పేముందు ప్రతి చీలనీ మూడుసార్లు కొట్టి వింటారు. ఎంత పెద్దమనిషి ఎక్కినా ఎదురు తొట్టి ఖాళీగా ఉంచరు. పైనుంచి చంటిపిల్ల "భయంగా ఉంది" అన్నా చక్రం ఆగుతుంది, ఎవరూ నవ్వరు. నవ్వినవాడి చేత ఆ పూటంతా ఇరుసుకి కందెన పెట్టిస్తారు. కొత్తవాడు పనికి వస్తే, ధైర్యం ఉందా అని అడగరు. భయం ఉందా అని అడుగుతారు. ఉందంటేనే పని.

ఇదంతా ఎవరు చూశారంటారా? ఆ రోజు బుగత తొట్టికి మూడు బారల దూరంలో, చెరుకు ముక్క నములుతూ నిలబడి, చీల విరగడం కళ్లారా చూసిన మనిషి ఉంది. ఆ చెరుకు పిప్పి ఇప్పటికీ దాచుకుంది. ఆవిడ వయసెంతో అడక్కండి, పేరు మాత్రం అడగండి. ఇప్పిలి సూరీడమ్మ. అంటే నేనే.