వంటింటి గోడ మీద గాజుపట్టీ

అనకాపల్లిలో గడియారాలు బాగుచేసే అప్పలస్వామికి మొహమాటం ఎక్కువ. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కినా, తొక్కినవాడు నోరు తెరవకముందే “పర్లేదండీ” అనేవాడు. మొహమాటం గురించి మన పెద్దవాళ్లకో సామెత ఉంది. పిల్లల ముందు చెప్పేది కాదు కాబట్టి వదిలేద్దాం.

అతని ఇంటి పక్క ఖాళీ స్థలంలో సన్యాసిరాజు అనే కాంట్రాక్టరు అపార్టుమెంటు మొదలుపెట్టాడు. కార్లు పెట్టుకోవడానికని, అప్పలస్వామి గోడకు జానెడు దూరంలో పెద్ద గొయ్యి తవ్వించాడు. వారం తిరగకుండానే ముందుగదిలో వెంట్రుకంత పగులు కనబడింది. తరువాత వంటింట్లో ఇంకొకటి. యంత్రం దబ్బుమన్నప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలలాడేవి. అప్పలస్వామి కొట్లో కూర్చున్నా మనసంతా గోడ మీదే ఉండేది. చిన్న చిన్న మరలు చేతిలోంచి జారిపోయేవి. రోజుకు రెండుసార్లు ఇంటికి పరిగెత్తి పగులు మీద వేలు పెట్టి చూసుకునేవాడు. అది పెరుగుతూనే ఉంది.

భార్య నూకరత్నం వకీలును కలుద్దామంది. కోర్టు మెట్లెక్కితే వీధిలో తలెత్తుకోలేమన్నాడు అప్పలస్వామి. ఆమె బతిమాలగా బతిమాలగా సన్యాసిరాజు దగ్గరికి వెళ్లాడు. రాజు కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు, ఇళ్లన్నాక బీటలు రావా అని నవ్వాడు. తన తాపీమేస్త్రీనే పంపి పూడ్పించి రంగు కూడా వేయిస్తానన్నాడు. అప్పలస్వామి దండం పెట్టి మరీ వచ్చాడు. చూశారా, ఇల్లు కూలుస్తున్నవాడికి దండం!

మేస్త్రీ ముందుగది గోడకు సిమెంటు మెత్తి తెల్లగా రంగు వేసిపోయాడు. వంటింటి దగ్గరికి వచ్చేసరికి నూకరత్నం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె తండ్రి కూడా తాపీమేస్త్రీయే. భర్త కొట్లోంచి సన్నటి గాజుపట్టీ తెచ్చి, పగులుకు అడ్డంగా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాసింది.

“మా నాన్న ఇలాగే చేసేవాడు. గోడ నిలబడితే గాజు నిలబడుతుంది. గోడ కదిలితే గాజు పగులుతుంది” అంది.

నాలుగో రోజున గాజు పగిలింది. ఇంకొకటి పెట్టింది. అదీ పగిలింది. ప్రతిసారీ ఫోనులో ఫొటో తీసి, ముక్కల్ని తేదీ రాసిన కాగితంలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో దాచింది.

అంతలో వాన పట్టుకుంది. ముందుగది తలుపు బిగుసుకుపోయింది. రంగును చీల్చుకుని పగులు మళ్లీ నోరు తెరిచింది. అప్పుడు భయపడి, కోర్టు ఆవరణలో పేదవాళ్లకు ఉచితంగా సాయం చేసే వకీలమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. ముందుగదిలో పగులు ఎప్పుడొచ్చింది, ఎంతుండేది, ఫొటో ఉందా అని ఆవిడ అడిగింది. రంగు వేయించేశామండీ అన్నాడు అప్పలస్వామి నేల చూస్తూ.

“పుండు మీద పౌడరు రాసుకుని డాక్టరు దగ్గరికి వచ్చారు బాబూ. పాత ఇల్లు, దానంతటదే బీటలిచ్చిందని రాజుగారు అంటే నేనేం చూపించను?”

అప్పలస్వామి భార్య వైపు తిరిగాడు. నూకరత్నం డబ్బా మూత తీసింది. వకీలమ్మ గాజుముక్కల్ని, తేదీల్ని, ఫొటోల్ని ఒక్కొక్కటే చూసి, వెంటనే కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

కోర్టు ఒక మనిషిని పంపి గోడను, గోతిని పరీక్ష చేయించింది. తవ్వకం ఆగింది. గొయ్యి అంచున గట్టి గోడ కట్టాకే మిగతా పని అని ఉత్తర్వు వచ్చింది. వంటిల్లు నిలబడింది. ముందుగది మాత్రం అప్పటికే ఒరిగిపోయింది. దాన్ని పడగొట్టించక తప్పలేదు. అది తవ్వకం వల్లే పాడైందని రుజువు చేయడానికి అప్పలస్వామి చేతిలో ఏమీ లేకపోయింది. రుజువు మీద రంగు వేయించుకున్నది తనే కదా.

గది పడగొడుతున్న రోజు రాజు వచ్చి, “ఏమీ అనుకోకండి స్వామిగారూ” అన్నాడు.

“పర్లేదండీ” అన్న మాట అప్పలస్వామి నాలుక చివరిదాకా వచ్చింది. దుమ్ములో నిలబడిన భార్యను చూసి దాన్ని మింగేశాడు.

“అనుకుంటున్నానండీ. ముందే అనుకుని ఉంటే నా గది మిగిలేది” అన్నాడు.

అన్యాయం జరిగితే మొహమాటంతో దాని మీద రంగు పూయకూడదు. రుజువు భద్రపరచుకుని, ఆలస్యం చేయకుండా చట్టం తెలిసినవాళ్ల సాయం అడగాలి.