మద్దిచెట్టు మీది బడి

ఎన్నాళ్ల కిందటి మాటో చెప్పలేను గానీ, కొండల నడుమ ఒక అడవి, ఆ అడవిలో ఒక మడుగు ఉండేవి. ఆ మడుగులో చిప్పమ్మ అనే తాబేలు ఒంటరిగా బతుకుతుండేది.

మడుగు ఒడ్డున ఎత్తైన మద్దిచెట్టు. దాని కొమ్మల మీద కొండముచ్చు పంతులు అడవిని కాపాడుకునే చదువు చెప్పేవాడు. అడవంతా తెలియాలంటే పైనుంచే చూడాలని ఆయన పట్టుదల. ఉడుతపిల్లలూ, పిట్టపిల్లలూ, కోతిపిల్లలూ బిలబిలమంటూ ఎక్కి కూర్చునేవారు.

చిప్పమ్మకూ ఆ చదువంటే ఆశ. ఒకరోజు చెట్టు మొదట్లో నిలబడి, "పంతులుగారూ, నన్నూ చేర్చుకోండి" అంది.

"మన బడిలో ఎక్కువ తక్కువలు లేవమ్మా. అందరికీ ఒకటే చెట్టు, ఒకటే కొమ్మ. ఎక్కి రా" అన్నాడాయన. ఎంత ధర్మంగా చెప్పాడో చూశారా.

మర్నాడు మళ్లీ వెళ్లి, "ఒక్కపూట కిందికి దిగి చెప్పరూ?" అని అడిగింది.

"కింద కూర్చుంటే ఏం కనబడుతుంది?" అన్నాడు పంతులు. పైన నవ్వులు వినిపించాయి. తనను చూసే నవ్వారేమో తెలియక చిప్పమ్మ మెడ లోపలికి లాక్కుంది.

ఆ వారం పాఠం పరిశుభ్రత. పిల్లలంతా చెట్టుకింద రాలిన ఆకులూ మట్టీ ఊడ్చి మడుగులోకి నెట్టేశారు. పైనుంచి చూస్తే నేల ఎంతో శుభ్రంగా ఉంది. పంతులు శభాష్ అన్నాడు.

ఆ చెత్తంతా మడుగు అడుగున నీళ్లు ఊరే ఊటను కప్పేసింది. చిప్పమ్మ ఒక్కతే తోడింది. తోడినకొద్దీ పడుతూనే ఉంది.

మూడోసారి చెట్టుకిందికి వచ్చి, "ఊట మూసుకుపోతోంది" అని గొంతు చించుకుంది.

"పాఠం జరుగుతోంది తాబేలత్తా, తర్వాత రా" అని ఒక ఉడుతపిల్ల కసిరింది.

పదిరోజులకు మడుగు బురదైంది. పైనున్నవాళ్లు మబ్బుల కోసం చూస్తూ కూర్చున్నారు. దాహం ఆగక చివరికి పంతులే కిందికి దిగాడు. బురదలో ఒంటరిగా తవ్వుతున్న చిప్పమ్మ కనబడింది. సంగతి విని, "ముందే చెప్పలేకపోయావా?" అన్నాడు.

"మూడుసార్లు వచ్చాను పంతులుగారూ. మీరు ఎక్కి రమ్మన్నారు, ఊట సంగతి చెబితే తర్వాత రమ్మన్నారు."

ఆయన తల దించుకున్నాడు. ఆమె చోటు చూపించగా అందరూ కలిసి చెత్త తోడారు. సాయంత్రానికి నీరు ఊరింది.

మర్నాడు బడి ఒడ్డున, నేల మీదే పెట్టారు. "ఇవాళ్టి పాఠం నువ్వు చెప్పమ్మా" అన్నాడు పంతులు. ఇన్నేళ్లుగా ఎవరూ పలకరించని చిప్పమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె నోరు విప్పేదాకా అందరూ కదలకుండా కూర్చున్నారు.

అందరికీ ఒకే కొమ్మ చూపించడం న్యాయం కాదు పిల్లలూ, అందరికీ అందేచోట బడి పెట్టడమే న్యాయం.