నాలుగు వేళ్ళ కొసలు

ఏసోబుకి ఎఫ్ పలకడం లేదు.

తొమ్మిది నెలలుగా గిటారు నేర్చుకుంటున్నాడు. మిగతా కార్డులన్నీ, అంటే తీగల మీద వేళ్ళ పట్లన్నీ, ఎలాగోలా లొంగాయి. ఈ ఎఫ్ ఒక్కటే మొండికేసింది. దానికి చూపుడువేలు ఒక్కటే ఆరు తీగల్నీ అడ్డంగా తొక్కిపట్టాలి, తక్కిన వేళ్ళు వాటి పని అవి చూసుకోవాలి. ఏసోబు పళ్ళు బిగించి నొక్కితే ఆరింటిలో రెండు పలికేవి, రెండు గొణిగేవి, రెండు అసలు నోరే విప్పేవి కావు. పాటలో ఆ చోటు ఇంకా రాకముందే అతని భుజాలు పైకి లేచిపోయేవి.

ఇంతకీ ఏసోబు పాటగాడేమీ కాదు. సామర్లకోట మార్కెట్ వీధిలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నలభై నాలుగేళ్ళ మనిషి. చర్చిలో అందరూ కలిసి చప్పట్లు కొడుతుంటే ఇతని చప్పట్లు ఒకటి ముందో, ఒకటి వెనకో పడేవి. పక్కన కూర్చున్నవాళ్ళు మొహమాటంగా నవ్వుకునేవారు.

ఆ ఇంట్లో పాట మార్తమ్మది. అతని భార్య. జాకెట్లు కుడుతుంది. మిషను తొక్కుతూ ఒకే ఒక్క స్తుతిపాట పాడుకునేది. రోజూ అదే పాట. ఏసోబు కొట్లోంచి అన్నానికి వచ్చేటప్పుడు వీధి మలుపులోనే ఆ పాట వినపడేది. ఏళ్ళ తరబడి విన్నాడు గాని, విన్నానని అనుకోలేదు. కిందటేడు ఆమెకు కడుపులో గడ్డ లేచి, మిషనూ పాటా రెండూ ఆగిపోయాక తెలిసింది, ఇల్లంటే తనకి ఆ పాటేనని.

కాకినాడ ఆస్పత్రిలో ఆమెను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళాక, బయట బల్ల మీద కూర్చుని మొక్కుకున్నాడు. "ప్రభువా, ఈమెను నాకు తిరిగియ్యి. ఏడాది నిండేసరికి కృతజ్ఞత కూడిక పెడతాను. ఆ పాట ఆమె పాడుతుంటే నా చేత్తో నేనే గిటారు వాయిస్తాను."

కొందరు కొబ్బరికాయ కొడతామని తేలిగ్గా మొక్కుకుంటారు. ఇతనికి ఆ పూట అంతకన్నా కష్టమైనది తోచలేదు.

మార్తమ్మ బతికింది. ఇంటికొచ్చింది. మళ్ళీ మిషనెక్కింది. పాట మాత్రం కూడిక నాటికని దాచుకుంది. ఏసోబు వారపు సంతలో ఎవరో అమ్ముకుంటున్న పాత గిటారు కొని, స్టేషను అవతల ఉండే జెకర్యా మాస్టారి దగ్గర చేరాడు. పాస్టరు గారు ఊరుకుంటారా! "సహోదరుడు ఏసోబు కృతజ్ఞత కూడికలో స్వయంగా వాయిస్తారు" అని ఆదివారం అందరి ముందూ ప్రకటించేశారు. ఇక ఐదు వారాలే ఉన్నాయి. ఎఫ్ పలకడం లేదు.

ఆ వారం మిషను సామాన్ల కోసం కాకినాడ వెళ్ళిన ఏసోబు, కాళ్ళు లాక్కెళితే ఒక సంగీత వాద్యాల కొట్టులోకి వెళ్ళాడు. గోడ మీద తేనె రంగులో ఒక గిటారు వేలాడుతోంది.

"వాయించి చూడండి, పర్లేదు" అన్నాడు కొట్టతను.

ఏసోబు ప్యాంటుకి చేతులు తుడుచుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఎఫ్ పట్టాడు. ఆరు తీగలూ పలికాయి. గబగబా దాన్ని తిరిగిచ్చేశాడు. వెల అడిగాడు. విన్నాక, వినకుండా ఉంటే బాగుండేదనిపించింది.

అబద్ధమెందుకు, ఆ గిటారు నిజంగానే మంచిది. ఏసోబు చెవుల్లో దోషమేమీ లేదు.

దానికి సరిపడా డబ్బు ఇంట్లో ఉంది. మార్తమ్మ ఓవర్‌లాక్ మిషను కొనుక్కోవాలని కట్టుకున్న చీటీ డబ్బు. ఏసోబు నసుగుతూ సంగతి చెప్పాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తీసుకోండి. మిషనుకేం తొందర, అంచులు ఇంకో ఏడాది చేత్తో కుట్టుకుంటాను."

ఆమె వద్దని ఉంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. సరేననేసరికి ఏసోబుకి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి వెళ్ళాడు.

జెకర్యా మాస్టారు రైల్వేలో చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. పాఠానికి ఎవరొచ్చినా ముందు ఎడమచెయ్యి చాపాలి. ఆయన బొటనవేలితో వాళ్ళ నాలుగు వేళ్ళ కొసల్నీ ఒక్కొక్కటే తడిమి చూస్తారు. సాధన చేశావా అని అడగరు. తీగల మీద రాసుకుని రాసుకుని వేళ్ళ కొసలు కాయలు కాస్తాయి. చేసిందీ చెయ్యనిదీ అక్కడే తెలిసిపోతుంది. నోటితో ఎన్ని సాకులైనా చెప్పొచ్చుగాని, వేళ్ళకి ఆ విద్య రాదు.

"మాస్టారూ, ఒక మాట అడగాలండి."

"ముందు చెయ్యి ఇటియ్యి."

తడిమి చూశారు. కొసలు గట్టిగానే ఉన్నాయి. "ఊఁ" అన్నారు. "ఇప్పుడడుగు."

ఏసోబు అంతా చెప్పాడు. కాకినాడ కొట్టు, తేనె రంగు గిటారు, మార్తమ్మ చీటీ. "నాది మరీ నాసిరకం గిటారండి. అందుకే పలకట్లేదు. కొనమంటారా, వద్దంటారా? మీరెలా అంటే అలాగేనండి."

మాస్టారు ముందుకి వంగి, ఏసోబు గిటారు తీసుకుని ఒకసారి మీటారు. తర్వాత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ఆయన మీసం చివర కొద్దిగా కదిలింది. లేచి లోపలికి వెళ్ళారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతుల్లో నల్లటి పెట్టె ఉంది. ఏసోబు ఆ పెట్టెను ఎప్పుడూ దూరం నుంచే చూశాడు. మాస్టారు రిటైరైననాడు పాత శిష్యులంతా తలా కొంత వేసుకుని తెప్పించి ఇచ్చిన గిటారు అందులో ఉంటుంది. పెట్టె మూత తీస్తే లోపల ఎర్ర మఖమల్ గుడ్డ. ఆ గుడ్డ మీద, గీతైనా పడని గిటారు.

"వారం రోజులు నీ దగ్గరుంచుకో. నీది ఇక్కడ వదిలెళ్ళు."

"మాస్టారూ! ఇది నాకాండీ?"

"నీక్కాదు. వారానికి."

ఆటోలో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ప్రతి గుంతకీ ఒళ్ళంతా బిగబట్టి, ఏసోబు ఇల్లు చేరాడు. తలుపు తీసిన మార్తమ్మ అతని మొహం చూసి హడలిపోయింది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. కాకూడదు. అదే ప్రార్థన చెయ్యి."

మొదటిరోజు చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు. ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో మిషను నూనె ఉన్నట్టే ఉంది. చొక్కా గుండీలు చెక్కకి గీసుకుంటాయని చొక్కా విప్పాడు. చొక్కా విప్పితే చెమట. చెమట తుడుచుకుని, భయంభయంగా రెండుసార్లు మీటాడు. ఆ శబ్దానికి మార్తమ్మ వంటగదిలోంచి తొంగిచూసింది. అంత బాగుంది. ఏసోబు దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

రెండోరోజు పక్కింటి పిల్లలు ఆడుకుంటూ లోపలికి జొరబడ్డారు. పెట్టె బీరువా మీదికెక్కింది. మూడోరోజు వాన. బీరువా ఉన్న మూలే కారుతుంది. పెట్టె మంచం మీదికి దిగింది. మంచం పెట్టెకిచ్చి, మొగుడూ పెళ్ళాం చాప పరుచుకున్నారు. కొట్లో మిషను ముందు కూర్చున్నా అతని మనసంతా ఇంటి దగ్గరే. మధ్యాహ్నం అన్నానికని వచ్చి, అన్నం మాట మరిచి, మూత తీసి చూసి, ఉందనుకుని వెళ్ళేవాడు.

"మీ మాస్టారు మీకు గిటారిచ్చారా, కాపలా ఉద్యోగమిచ్చారా?" అంది మార్తమ్మ.

ఏసోబుకి నవ్వు రాలేదు.

వారం గడిచింది. పెట్టెను మాస్టారి ముందు పెట్టి, అమ్మయ్య అని ఊపిరి వదిలాడు. పాత అలవాటు కొద్దీ ఎడమచెయ్యి చాపబోయి, సగంలో ఆగిపోయాడు.

మాస్టారు తన చెయ్యి చాచి ఉంచారు. ఇక తప్పదని ఏసోబు ఇచ్చాడు.

బొటనవేలు చూపుడువేలి కొస మీదికి వచ్చింది. తర్వాత మధ్యవేలు. ఉంగరపు వేలు. చిటికెన వేలు. కాయలు మెత్తబడి, పైపొర ఊడుతోంది. అది ఏసోబుకే తెలుస్తోంది.

"భయమేసిందండి మాస్టారూ" అన్నాడు తలవంచుకుని.

"నాకూ అంతే."

ఏసోబు తలెత్తాడు. మాస్టారు గోడకేసి చూస్తున్నారు. అక్కడ మేకుకి ఆయన రోజూ వాయించే గిటారు వేలాడుతోంది. ఒక పక్క చెక్క చిట్లితే జిగురు పెట్టి అతికించారు. కుడిచెయ్యి ఆనేచోట రంగు మొత్తం పోయి, తెల్లటి చెక్క బయటపడింది. ఆ ఇంట్లో పాఠాలన్నీ దానిమీదే జరుగుతాయి.

మాస్టారు నల్లపెట్టెను లోపల పెట్టొచ్చి, ఏసోబు గిటారును అతని ఒళ్ళో ఉంచారు.

"ఎఫ్ పట్టు."

పట్టాడు. ఆరింటిలో ఐదు తీగలు పలికాయి. చివరిది మాత్రం జిర్రుమంది. ఏసోబు గిటారును తిప్పి చూసుకున్నాడు. తనదే. సంతలో కొన్నప్పటి సొట్ట కూడా ఉన్నచోటే ఉంది.

"దీన్నేం చేశారండీ?"

మాస్టారు కిటికీ గట్టు మీంచి ఒక గుడ్డపీలిక తీసి అతని ముందు పడేశారు. నల్లగా, జిడ్డుగా ఉంది. ఆ వాసన ఏసోబుకి ప్రాణంతో సమానం. రోజంతా కొట్లో పీల్చే వాసనే.

"ఏం రాశావయ్యా దీనికి?"

"మిషను నూనెండి." ఏసోబు గొంతు సన్నగిల్లింది. "రోజూ ఒక చుక్క. తీగలకి తుప్పు పట్టకుండా."

మాస్టారు నవ్వారు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నవ్వారు. "నలభయ్యేళ్ళుగా నేర్పుతున్నాను. గిటారుకి నూనె పోసి సర్వీసింగ్ చేసినవాణ్ణి నిన్నే చూశాను." కొత్త తీగలు ఆయనే వేశారు. అడుగున తీగలు ఆనుకునే తెల్లపలకను ఊడదీసి, గరుకు కాగితం మీద అరగదీసి, నొక్కడానికి తేలిగ్గా ఉండేలా తీగల్ని కాస్త కిందికి దించారు. పలక నుంచి రాలిన తెల్లటి పొడి ఇంకా బల్ల మీద ఉంది. డెబ్బై దాటిన మనిషి వంగి కూర్చుని తనకోసం చేసిన పని అది. ఏసోబుకి కళ్ళు చెమర్చాయి. లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"సర్లే, సర్లే. కూర్చో."

కూర్చున్నాక, కాసేపటికి అడిగాడు. "మరి ఆ కాకినాడది ఎప్పటికీ వద్దంటారాండీ?"

"ఎందుకొద్దు? దీన్ని వాయించి వాయించి అరగదీసి రా. ఇద్దరం కలిసే కొట్టుకెళ్దాం."

ఆ సాయంత్రమే మార్తమ్మకి ఓవర్‌లాక్ మిషను వచ్చింది. ఇక నాలుగు వారాలు ఆ ఇంట్లో ఒక పక్క మిషను చప్పుడు, ఇంకో పక్క ఎఫ్. సొట్టగిటారుకి పిల్లలు తగిలినా భయం లేదు, వాన చుక్క పడినా భయం లేదు. ఏసోబు కొట్టుకి కూడా తీసుకెళ్ళేవాడు. మిషను బాగుపడేవరకు నిలబడి చూసే జనం, దానితో పాటు ఎఫ్ కూడా వినాల్సి వచ్చేది. ఒకరిద్దరు, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

కూడిక నాడు ఇంటి ముందు పందిరి వేశారు. చర్చివాళ్ళు, వీధివాళ్ళు వచ్చారు. ఆస్పత్రిలో మార్తమ్మ పక్క మంచం మీదున్న ముసలామె కూడా వచ్చింది. మాస్టారు వెనకవరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

మార్తమ్మ పాట ఎత్తుకుంది. ఏడాది కిందట ఆగిపోయిన పాట. ఏసోబు ఆమె గొంతు వెనకాలే నడిచాడు. ఎఫ్ మూడుసార్లు వస్తుంది. మొదటిసారి పలికింది. రెండోసారి చివరి తీగ జిర్రుమంది. మార్తమ్మ అక్కడ నవ్వి, ఆ నవ్వుతోనే పాడింది. మూడోసారికి ఏసోబు భుజాలు కిందికి దిగి ఉన్నాయి. అతను తన చేతికేసి కాదు, ఆమెకేసి చూస్తున్నాడు. ఆరు తీగలూ పలికాయి.

పాస్టరు గారు ప్రార్థన చేశారు. భోజనాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరే వచ్చి మెచ్చుకుని వెళ్తున్నారు.

మాస్టారు నెమ్మదిగా ముందుకొచ్చి చెయ్యి చాచారు. ఏసోబు ఎడమచెయ్యి ఇచ్చాడు. ఆయన ఈసారి తడిమి చూడలేదు. ఆ చేతిని తీసుకెళ్ళి, పక్కన నిలబడ్డ మార్తమ్మ చేతిలో పెట్టారు.

"నువ్వు చూడమ్మా."

మార్తమ్మ ఆ వేళ్ళ కొసల్ని బొటనవేలితో ఒక్కొక్కటే తడిమింది. నాలుగూ రాళ్ళలా ఉన్నాయి. చిటికెన వేలి దాకా వచ్చి, మళ్ళీ మొదటి వేలి దగ్గరికి వెళ్ళింది. వడ్డనకి ఎవరో రెండుసార్లు పిలిచినా ఆ చెయ్యి వదల్లేదు.