పెట్రోలు టాంకులో సన్నాయి గాలి

రేపల్లె దగ్గర ఒక కాలవగట్టు ఊళ్ళో కోటిలింగం అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. ఆయన ఊపిరి ఎంత పొడవో, ఎదుటివాడి మాట వినే ఓపిక అంత పొట్టి.

కథలోకి వెళ్ళేముందు నా సంగతి చెప్పుకోవాలి. బళ్ళ గురించి నేనెవరి దగ్గరా నేర్చుకోలేదు. నాకు నేనుగా నేర్చుకున్నది ఒక్కటే, తాళం ఎక్కడ పెట్టాలో. అదీ ఇప్పటికీ ఒక్కోసారి పక్కవాడి బండికి పెడుతుంటాను. కాబట్టి ఈ కథలో ఇంజను గురించి తెలివైన మాట ఎక్కడైనా తగిలితే అది నాది కాదు, ఎవరో చెప్పగా విన్నది.

కోటిలింగానికి వంద సీసీ పాత బండి ఒకటి ఉండేది. పెట్రోలుకు పెద్దగా ఆశపడదు గానీ దారిలో ఎక్కడైనా అలుగుతుంది. దాని కార్బొరేటరు, అంటే పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే చిన్న గిన్నెలాంటిది, ఆయన చేతికి బాగా మాలిమి. చలికాలం పొద్దున్నే చోక్ లాగేవాడు. చెవి వంచి, చిన్న స్క్రూ డ్రైవరుతో అటూ ఇటూ తిప్పి, సన్నాయికి శ్రుతి చూసుకున్నట్టే ఇంజనుకూ శ్రుతి చూసేవాడు. పెట్రోలు అడుగంటితే బండిని పక్కకు పడుకోబెట్టి లేపేవాడు. పైపులో నలక అడ్డుపడితే టాంకు మూత తీసి గట్టిగా ఊదేవాడు. ఊళ్ళో ఎవరి బండి మొరాయించినా, "లింగం మావయ్యను పిలవండి, ఆయన ఊదితే కదులుతుంది" అనేవారు. ఆ మాట విని విని, తనకు తెలియని బండి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని ఆయనకు నమ్మకం కుదిరింది.

ఆయన పక్కన డోలు వాయించేది బావమరిది పిచ్చేశ్వరం. చేతిలో డోలు ఎంత మోతో మనిషి అంత మెత్తన. ఆ వేసవిలో అతను కొత్త బండి కొన్నాడు. అదీ చిన్న బండే, చవక బండే. కాకపోతే దానికి కార్బొరేటరు లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది.

కోటిలింగం ఆ బండి చుట్టూ పెళ్లిచూపుల్లో పెద్దమనిషిలా తిరిగాడు.

"చోక్ ఏదిరా?"

"లేదు బావా."

"పెట్రోలు ట్యాపు?"

"అదీ లేదు."

"మరేం ఉందిరా దీనికి?"

"సెన్సార్లు ఉన్నాయి బావా. ఎంత పెట్రోలు కావాలో బండే చూసుకుంటుంది."

"అన్నీ బండే చూసుకుంటే నువ్వెందుకు? దాన్నే డోలు కూడా వాయించమను" అన్నాడు కోటిలింగం.

ఆ పెళ్లిళ్ల రోజుల్లోనే, పక్క మండలంలో రైసుమిల్లు నడిపే బ్రహ్మాజీ కబురు పెట్టాడు. కూతురి పెళ్లి, పగటి ముహూర్తం. ఇద్దరూ వెళ్లి తాంబూలం అందుకున్నారు. బ్రహ్మాజీ మొహమాటం లేకుండా చెప్పాడు.

"చూడండి లింగంగారూ. ఈమధ్య మా ఊళ్ళో పెళ్లిళ్లకు మేళం మానేసి స్పీకర్లో పాట పెట్టేస్తున్నారు. మా అబ్బాయీ అదే అన్నాడు. మీ నాన్నగారు నా పెళ్లికి వాయించారని మిమ్మల్ని పిలుస్తున్నాను. తాళి కట్టే వేళకు గట్టిమేళం మోగిందా, ఇకమీదట మా ఊరి పెళ్లిళ్లన్నీ మీవే. మోగలేదా, స్పీకరే."

ఆ ఊరి పెళ్లిళ్లు దక్కితేనే వాళ్ళ రెండు ఇళ్ళ పొయ్యిలూ వెలిగేది. అందుకే పెళ్లి రోజు కోటిలింగం భార్య పాత బండిని ముట్టుకోనివ్వలేదు. "అది అలిగితే బతిమాలడానికి ఇవాళ టైము లేదు. తమ్ముడి బండి మీద వెళ్ళండి" అంది.

కోటిలింగం ఒప్పుకున్నాడు గానీ, "తోలేది మాత్రం నేనే" అన్నాడు. పిచ్చేశ్వరం వెనక కూర్చుని, డోలును పసిబిడ్డలా పొట్టకు హత్తుకున్నాడు.

కాలవగట్టు మీద బండి హాయిగా పోతోంది. కోటిలింగం కూనిరాగం తీస్తున్నాడు. ఇంతలో కాలవలోంచి బాతుల మంద గట్టెక్కి, ఊరేగింపులాగ రోడ్డుకు అడ్డం వచ్చింది. ఆయన బ్రేకు నొక్కాడు. బండి పక్కకు ఒరిగి, మెల్లగా గడ్డి మీద పడింది. మనుషులకు దెబ్బ తగల్లేదు. డోలు పిచ్చేశ్వరం పొట్ట మీదే భద్రంగా ఉంది. సన్నాయి సంచీలోనే ఉంది. బాతులు కూడా అన్నీ క్షేమమే, పైగా తిట్టుకుంటూ పోయాయి.

బండిని లేపారు. స్టార్టు బటన్ నొక్కితే ఇంజను కరకరలాడింది గానీ అంటుకోలేదు.

"బావా, షోరూములో ఆ అమ్మాయి ఏం చెప్పిందంటే..." అన్నాడు పిచ్చేశ్వరం.

"అమ్మే అమ్మాయికి ఏం తెలుసురా బాగుచేసే సంగతి? ఉండు, విననీ." చెవి వంచి విన్నాడు. "అర్థమైంది. కార్బొరేటరుకు పెట్రోలు అందట్లేదు."

"దీనికి కార్బొరేటరు లేదు బావా."

"గుండె లేని మనిషి ఉంటాడట్రా? ఎక్కడో లోపల దాచి ఉంటారు. పట్టు, వంచుదాం."

బండిని మళ్ళీ గడ్డి మీద పడుకోబెట్టి లేపాడు. అంటుకోలేదు. టాంకు మూత తీసి, బుగ్గలు పొంగించి, పెళ్లి కోసం దాచుకున్న ఊపిరంతా పెట్టి ఊదాడు. పెట్రోలు వాసన ఆయన ముక్కులోంచి తలకెక్కింది. బండి మాత్రం చలించలేదు.

"బావా, ఆ అమ్మాయి..."

"నువ్వూరుకోరా! ఇక్కడ నేను ఊదుతుంటే అమ్మాయంటావు!"

ఆయన రొప్పుతూ గట్టు మీద కూర్చున్నప్పుడు, పిచ్చేశ్వరం చప్పుడు చేయకుండా తాళం ఆపి మళ్ళీ తిప్పాడు. బండి లోపల 'జుయ్' మని సన్నని మోత వచ్చింది. కోటిలింగం ఉలిక్కిపడి లేచాడు.

"అదేంట్రా ఆ చప్పుడు? నా బండిలో ఏనాడూ వినలేదే! జబ్బు ముదిరింది. పట్టు, పట్టు!"

బావమరిది నోరు తెరిచేలోగా బండిని మళ్ళీ పక్కకు పడుకోబెట్టేశాడు. వచ్చిన ప్రాణం వచ్చినట్టే పోయింది.

పక్కనే తాటిముంజలు అమ్ముకునే ముసలమ్మ ఒకామె ఇదంతా చూస్తోంది. ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏమయ్యో సన్నాయి పెద్దాయనా! ఆ పిల్లాడు ఇందాకట్నుంచి చేపలాగ నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఒక్కసారి చెప్పనియ్యరాదూ? మీరెళ్ళేది మిల్లు బ్రహ్మాజీగారింటి పెళ్లికేగా? అవతల దానికి ఇందాకే ఈ దారిన వ్యాన్లో స్పీకర్లు పోయినయ్యి."

స్పీకర్లు అనే మాట కోటిలింగం గుండెలో గుచ్చుకుంది. ఊదడానికి ఆయన దగ్గర ఊపిరీ మిగల్లేదు. గట్టు మీద చతికిలబడి, "చెప్పరా" అన్నాడు.

"బండి పడిపోతే మనిషికి ప్రమాదం కాకూడదని, దానంతట అదే పెట్రోలు ఆపేసుకుంటుందట బావా. ఒరగడం కనిపెట్టే సెన్సారు ఉందట. నిటారుగా లేపి, తాళం ఒకసారి ఆపి మళ్ళీ తిప్పాలట. అప్పుడు లోపల పంపు జుయ్ మంటుంది. మోత ఆగాక స్టార్టు చేయాలట."

"అంటే... నేను వంచినప్పుడల్లా..."

"పడ్డాననుకుంటోంది బావా."

ముసలమ్మ ముంజకాయ పక్కనపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కోటిలింగానికీ నవ్వొచ్చింది గానీ, నవ్వడానికి కూడా గాలి కావాలి కదా!

పిచ్చేశ్వరం బండిని నిటారుగా లేపి, తాళం ఆపి మళ్ళీ తిప్పాడు. జుయ్ మంది. ఆగింది. బటన్ నొక్కాడు. ఇంజను ఏమీ జరగనట్టు అంటుకుంది. ఈసారి కోటిలింగం తానే వెనక్కి వెళ్లి, డోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

వాళ్ళు పందిట్లో అడుగుపెట్టేసరికి పెళ్లికొడుకు చేతిలో తాళి ఉంది. బ్రహ్మాజీ కొడుకు స్పీకరు వైరు పట్టుకుని, మీట మీద వేలు పెట్టి ఉన్నాడు. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచాడు.

పిచ్చేశ్వరం డోలు భుజాన వేసుకోనైనా లేదు. నేల మీదే పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, పందిరి రాటలు అదిరేలా వాయించాడు. కోటిలింగం సన్నాయి నోట పెట్టాడు. మొదట పెట్రోలు వాసనతో ఒక తేన్పు వచ్చింది. తర్వాత సన్నగా, పిల్లి కూనలాగ ఒక స్వరం. డోలు దాన్ని చెయ్యి పట్టుకుని నడిపించింది. నాలుగు దరువులయ్యేసరికి స్వరం నిలబడింది, తాళి ముడిపడేసరికి పందిరంతా నిండింది. అక్షింతలు పడ్డాయి. కుర్రాడు మీట మీంచి వేలు తీశాడు.

భోజనాల దగ్గర బ్రహ్మాజీ అడిగాడు. "డోలు అదరగొట్టిందయ్యా! సన్నాయే మొదట్లో పీలగా వచ్చింది, ఒంట్లో బాగాలేదా?"

పిచ్చేశ్వరం బావ వంక చూశాడు. ఏదో సర్దిచెప్పబోయాడు. కోటిలింగం దాచలేదు, తానే అందుకున్నాడు.

"ఒంట్లో బాగానే ఉందండీ. గాలి కాస్త టాంకులో మర్చిపోయాను."

బ్రహ్మాజీకి సంగతంతా తెలిశాక నవ్వి నవ్వి పొలమారింది. నీళ్ళు తాగి, "వైశాఖంలో మా తమ్ముడి కూతురి పెళ్లి. మీరే రావాలి. కాస్త ముందు బయల్దేరండి" అన్నాడు.

తిరుగు దారిలో బాతులు కనిపించిన చోట పిచ్చేశ్వరం బండి నెమ్మది చేశాడు. వెనక నుంచి కోటిలింగం అతని భుజం తట్టాడు.

"ఒరే పిచ్చేశ్వరం."

"ఏం బావా?"

"ఆ షోరూము అమ్మాయి ఇంకా ఏమేం చెప్పిందిరా?"

ఊరొచ్చేదాకా పిచ్చేశ్వరం చెబుతూనే ఉన్నాడు. కోటిలింగం ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మర్నాడు ఆయన తన పాత బండికి చోక్ ఎప్పుడు లాగాలో, ఎంత లాగాలో బావమరిదికి నేర్పించాడు. అతను విన్నాడు. వినడం అతనికి మొదటినుంచీ అలవాటే.

ఒక బండి దగ్గర నేర్చిన విద్య ఇంకో బండి దగ్గర చెల్లకపోవచ్చు. అందుకే మనకెంత తెలిసినా, ఎదుటివాడి మాట చివరిదాకా విన్నాకే మన ఊపిరి ఖర్చుపెట్టాలి.