పారిజాతం చెవి వెనుక గింజ

దగ్గరికి జరగండమ్మా. గోడకు ఆనుకున్న బాబూ, నువ్వూ రా. మనకు చెవులిచ్చిన స్వామిని ఒక్కసారి తలుచుకోండి. ఇక ఆ చెవులు ఇటు పడేయండి.

అనగనగా ఒక అడవిలో కుర్ర జంతువులకు ఒక కాలేజీ ఉండేది. అందులో పారిజాతం అనే కుందేలు చదివేది. పాఠాలకన్నా, బయట బండమీద కూర్చుని అడవి పెద్దలను ఏకిపారేయడమంటే ఆమెకూ, నేస్తాలకూ మహా సరదా. అందరూ ఒకటేనని రోజూ తేల్చేసేవారు.

ఏటా ఎండలు ముదిరేముందు, వాగులోని చెలమకు ఒక పెద్దను ఎన్నుకునేవారు. ఆ ఏడు నక్క, ముళ్లపంది నిలబడ్డాయి. బలమున్నవాళ్లు తాగాకే మిగతావాళ్లన్నది నక్క. పసిపిల్లలు ముందు తాగాలన్నది ముళ్లపంది. కిందటేడు పారిజాతం తమ్ముడు బుజ్జి వంతు వచ్చేసరికి చెలమ అడుగంటింది. పాపం, నాలుక పిడచగట్టి పడిపోయాడు.

ఎన్నిక రోజు పొద్దున్నే తాబేలు తాత తలా ఒక కానుగ గింజ పంచాడు. నక్కకొక తొర్ర, ముళ్లపందికొక తొర్ర. నచ్చినవారి తొర్రలో గింజ వేస్తే, వేసినవారి ముంగాలికి తాత బచ్చలిపండు రసం పూస్తాడు. అదీ గుర్తు.

వరస చూస్తే చాంతాడంత ఉంది. పారిజాతం పక్కన ఒక ముంగిస. పేరు నాగభూషణం. ఏం చేస్తాం, వాళ్ల నాన్న పెట్టాడు.

"ఒసే పారిజాతం, నీ ఒక్క గింజతో కొండలు కదులుతాయా? అందరూ చూసేది గుర్తే. పొద వెనకాల బచ్చలి తీగ ఉంది, పద" అన్నాడు.

కాలేజీ గుంపంతా వెళ్లి రసం పూసేసుకుంది. పారిజాతం గింజను చెవి వెనుక దోపుకుని, కాలు ఊపుకుంటూ ఇంటిదారి పట్టింది. దారిలో ఎలుగుబంటి మామ చూసి భుజం తట్టాడు. జింక పిన్ని మెటికలు విరిచింది. ఇంటి దగ్గర బుజ్జి ఎదురొచ్చి, ఆ కాలిని ముద్దుపెట్టుకున్నాడు.

"అక్కా, ఈ ఏడు నేను ముందే తాగుతాను కదూ?" అంటూ మెడకు వేలాడాడు.

చెవి వెనుక గింజ జారి నేలమీద దొర్లింది.

"ఇదేంటక్కా?"

పారిజాతం చటుక్కున వంగింది. గింజ తీసుకుని ఒకటే పరుగు. తొర్రల దగ్గరికి వెళ్లేసరికి పొద్దు కొండమీదికి వాలింది. తాత ఆమె కాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "గుర్తుందిగా తల్లీ. వేసినవాళ్లు మళ్లీ వేయకూడదు."

చుట్టూ అందరూ చూస్తున్నారు. పారిజాతం గింజను అరచేతిలో పెట్టుకుంది.

"తాతా, గుర్తు దొంగది. గింజ మాత్రం నిజమైంది" అని చేయి చాపింది.

"వేసినవాళ్ల దగ్గర గింజ ఉండదులే. వేసిరా" అన్నాడు తాత.

ఇంతలో వెనకాల ఎవరో దగ్గారు. నాగభూషణం. అతని వెనుక, పారిజాతం పరుగు చూసి వచ్చిన కాలేజీ గుంపంతా గింజలు పట్టుకుని, తలలు వంచుకుని నిలబడింది. తాత నవ్విన నవ్వుకు డిప్ప గలగలలాడింది.

ముళ్లపంది గెలిచింది. నక్కకన్నా ఎక్కువ వచ్చినవల్లా, కుర్రకారు ఆఖర్న తెచ్చిన ఆ గుప్పెడు గింజలే. ఎండలు రాగానే బుజ్జి అందరికన్నా ముందు తాగి, పొట్ట డోలులా వాయించుకుంటూ వచ్చాడు.

బండమీద కబుర్లు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ముళ్లపందినీ ఏకిపారేస్తున్నారు. కాకపోతే అది వచ్చి, పక్కనే కూర్చుని వింటోంది. గింజలేసినవాళ్లు కదా మరి.

ఇళ్లకెళ్లి ఏం మరిచినా, పారిజాతం పరుగెత్తుకెళ్లి గింజ వేసిన సంగతి మరవకండి నాయనలారా. మీ వంతు వచ్చిన రోజున మీరూ అదే చేయండి.

నీతి: పెద్దలను తిట్టే నోరు ఒక్కటే చాలదు, ఎన్నుకునే రోజున కదిలే కాళ్లూ ఉండాలి.