ముందుకు నడిచిన ముళ్లపందులు

గండశిల అడవిలో సింహాలు, నక్కలు, కోతులు, నీటికుక్కలు కాపురముండేవి. అడవి అంచున రాళ్లగుట్టల్లో ముళ్లపందుల గూడెం ఉండేది. అందరికీ రాజు ఉగ్రకేసరి అనే సింహం.

ఉగ్రకేసరి తెలివైన రాజు. తనకు లోబడిన ప్రతి జాతి నాయకుణ్ణీ సైన్యంలో చేర్చుకుని, ఆ జాతికే దళపతిని చేసేవాడు. వాగు దాటాలంటే నీటికుక్కల దళం, చెట్లెక్కి కాపలా కాయాలంటే కోతుల దళం. ముళ్లపందుల జోలికి చిరుతపులి సైతం వెళ్లదు. అందుకని వాటి నాయకుడు కంటకుడికీ ఒకరోజు కబురొచ్చింది. రాజు స్వయంగా అతని మెడలో మోదుగపూల దండ వేసి దళపతిని చేశాడు.

ఇంకేముంది, కంటకుడి కాళ్లు నేల మీద ఆనలేదు. రోజూ సింహాల కవాతు చూడడానికి వెళ్లేవాడు. సింహాలు తల ఎత్తి, శత్రువుకు ఎదురుగా నడిచేవి. ముళ్లపందుల తీరు వేరు. అవి శత్రువు కనబడగానే గిర్రున తిరిగి, ముళ్లు నిక్కబొడుచుకుని, వెనక్కి వెనక్కి పరుగెత్తి పొడుస్తాయి. తాతముత్తాతల నుంచీ వాటికి తెలిసిన యుద్ధం అదే. ఒకనాడు అది చూసి సింహం పిల్లలు పకపకా నవ్వాయి. కంటకుడికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడే తన వాళ్లందరినీ వరసగా నిలబెట్టాడు. "ఇకనుంచి ఎవరూ శత్రువు వైపు వీపు తిప్పకూడదు. సింహాల్లా ఎదురుగా నడవాలి," అన్నాడు.

అతని చెల్లెలు శలాక ఆ గుట్టల్లో ఎన్నో పోట్లాటలు చూసింది. "అన్నా, మన ముళ్లన్నీ వెనకే కదా ఉన్నాయి! ముందు ఈ మెత్తని మూతి తప్ప ఏముంది?" అంది.

"నువ్వూరుకో. మనమిప్పుడు దుంపలు తవ్వుకునే వాళ్లం కాదు, రాజుగారి సైనికులం."

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది నీ వరస!"

అక్కడే ఉన్న నక్క భటుడు చిన్నబుచ్చుకుని పక్కకు వెళ్లిపోయాడు. కంటకుడు మాత్రం చెల్లెలి మాట చెవిన పెట్టలేదు.

కొన్నాళ్లకు వాగు అవతలి రేచుకుక్కలు గుంపుగా అడవి మీద పడ్డాయి. రేవు దగ్గర వాటిని ఆపమని రాజు ముళ్లపందులనే పంపాడు. కంటకుడు తల ఎత్తి దళాన్ని ముందుకు నడిపించాడు. రేచుకుక్కలు మొదట జంకాయి. ముళ్లు తమ వైపు తిరగకపోవడం చూసి ధైర్యం తెచ్చుకుని, మూతుల మీద పడి కరిచాయి. కంటకుడి కన్ను ఒకటి పోయింది. అతని పినతండ్రి కొడుకులిద్దరూ అక్కడే ప్రాణాలు విడిచారు. ఇంకాసేపైతే గూడెమంతా తుడిచిపెట్టుకుపోయేది.

"వెనక్కి తిరగండి! మన పద్ధతిలో పొడవండి!" అని దళంలోనే ఉన్న శలాక అరిచింది.

దళమంతా గిర్రున తిరిగింది. మూతుల్లో ముళ్లు దిగబడిన రేచుకుక్కలు కుయ్యోమంటూ వాగు దాటి పారిపోయాయి.

జరిగిందంతా విని సాయంత్రం రాజు రేవుకు వచ్చాడు. కంటకుడు నెత్తురోడుతూనే, "ప్రభూ, నేను సింహంలాగే పోరాడాను," అన్నాడు.

"సింహాలు నా దగ్గర బోలెడున్నాయి కంటకా! నీ ముళ్లు కావాలనే కదా నిన్ను పిలిచాను," అన్నాడు ఉగ్రకేసరి. అప్పటికప్పుడే శలాకను దళపతిని చేశాడు.

కంటకుడు పదవి పోయినందుకు బాధపడలేదు. చనిపోయిన తమ్ముళ్ల పక్కన కూలబడి, "నన్ను నమ్మి ముందుకు నడిచారురా," అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు.

నీతి: పరుల మెప్పు కోసం సొంత బలాన్ని వదులుకున్న నాయకుడు, తనను నమ్ముకున్నవారినీ ముంచుతాడు.